జాలి

ఆదివారం, అన్నాలైనంక
ఓదెలు వంటింట్ల పాత మరాఠీ పేపరు పరుస్తడు.
అద్దాలు తుడుచుకుంటడు. లుంగీ ఎగ్గడతడు.
డిష్‌వాషర్ తలుపు కిందికి వంచి
లోపలికి తలపెట్టి వాసన చూస్తడు.
"పుంటికూర," అంటడు. "బుధవారందే."

కింది బుట్ట బయటికి.
నీళ్లు చిమ్మే రెక్క బయటికి.
అడుగున్న జాలిని ఎడమకు తిప్పి, పైకి గుంజి
ఒక్కొక్కటి పేపరు మీద వరుసగ పెడతడు.
తీసిన వరుస మరిస్తే బిగించే వరుస తప్పుతదట.
ముప్పయ్యొక్క ఏండ్లు బొగ్గుబాయిల పంపు ఖలాసీ.
నేను ముప్పయ్యొక్క ఏండ్లు ఈ సింకు ముందర.
ఒక్కనాడు, ఒక్క చెంచా
కడిగిన పాపాన పోలేదు ఈ మనిషి.
బోళ్లు తోముడంటే ఆడోళ్ల పని.
జాలి కడుగుడంటే మెయింటెనెన్సు.

వారం మొత్తం జాలిల దొరుకుతది:
నానిన కరివేపాకు, చింతపండు ఈనె,
పల్లీ పొట్టు, మామిడి పచ్చడి పీచు,
సగం విరిగిన లవంగం.
ఇయ్యాల, ఒక ఆకుపచ్చ గాజు ముక్క.
దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి
నా చెయ్యి దిక్కు చూసిండు.
లెక్క పెట్టుకున్న. పదకొండే ఉన్నయి.
"ఎక్కడన్న తెగిందా?" అన్నడు.
గాజు పోయి నాలుగు రోజులు. నాకే తెల్వదు.

గోడవతల మేశ్రాం తాయి,
ఆమెదీ ఇదే మిషను, ఇవే బోరు నీళ్లు,
"జాళీ ధుత్లీ కా?" అని కేకేస్తది.
ళ తిరగని నా నోట్ల అది జాలే అయితది.
కడుగుతున్నడు తాయీ, జాలి కడుగుతున్నడు.

బల్లార్షా నీళ్ల సంగతి ఆరినంక తెలుస్తది.
గ్లాసులకు సున్నమేసినట్టు పొర,
నల్లా మూతికి తెల్ల మీసం.
నెలకోసారి అడుగు డబ్బాల ఉప్పు పొయ్యాలె.
"కూరల ఉప్పు కాదే, మిషనుప్పు!"
తినేటోళ్లకు ఒకటి, కడిగేదానికి ఒకటి,
మా ఇంట్ల ఉప్పు డబ్బాలు రెండైనయి.

చీపురు పుల్ల విరిచి
రెక్క బెజ్జాలు ఒక్కొక్కటే పొడుస్తడు.
నోటితోటి ఊదుతడు. తుంపర నా మొఖం మీద.
"జాలి మూసుకుంటే పంపు గాలి మింగుతది.
నీళ్లు గుంజదు, ఒట్టిగ మొత్తుకుంటది."
నాకు చెప్పిండో, రెక్కకు చెప్పిండో.

ఒక వానకాలం, పెద్దది కడుపుల ఉండంగ
రెండు షిఫ్టులు దాటినా ఇంటికి రాలేదు.
మూడో పొద్దుకు వచ్చి, గడపల కూసొని
చేతులు చాపిండు.
వేళ్లు తెల్లగ, ముడతలు పడి, నానిన శనగల లెక్క.
బాయిల నీళ్లు పెరిగినయట.
బురద, బొగ్గు చూర,
మోకాటి నీళ్లల్ల నిలబడి జాలిని చేత్తోటే తోడిండట.
నేనప్పుడే బోళ్ల కాడి నుంచి లేచిన.
నా వేళ్లూ అట్లనే ఉన్నయి.
నాలుగు చేతులు చూసుకున్నం. అన్నం పెట్టిన.

తలుపు చుట్టు రబ్బరు మడతల నల్ల జిగట.
పాత పండ్ల బ్రష్షు, కొన్ని సబ్బు నీళ్లు,
చంటిపిల్ల చెవి వెనక తుడిచినంత నెమ్మది.
నా పిల్లల చెవులు ఎన్నడు తుడిచిండని!
అన్ని బిగించి, నిమ్మ ఉప్పు చల్లి
ఒట్టి మిషనును వేడినీళ్లతోటి తిప్పిండు.
ఇద్దరం గచ్చు మీద కూసొని విన్నం.
గరగర. ఆగింది. మళ్ల, లోతుల నుంచి, గుడగుడ.
"అందుకున్నది," అన్నడు.

గంటన్నర దాకా తలుపు తియ్యొద్దు.
చాయ్ తాగినం. రెండు కప్పులు సింకుల పడ్డయి.
నేను లేవలె.
మిషనును చూసిండు. కప్పులను చూసిండు.
గోడ గడియారం చూసిండు.
కొద్దిసేపటికి నల్లా చప్పుడు.

రబ్బరు తోమిన బ్రష్షుతోటే తోముతున్నడు.
చూసిన. నోటికాడికి వచ్చిన మాట మింగిన.
తెచ్చి బోర్లించిండు, రెండు,
పేపరు మీద, వరుసగ.
పిడి కింద మరక అట్లనే ఉన్నది.