పెరటి తీగకు పేరు

ఇల్లు కొన్నది నిండు మంచులో.
కాగితాల్లో ఇది లేదు.
ఏప్రిల్‌లో మంచు కరిగాక చూస్తే
బట్టలారేసే ఇనప గుంజను
మూడు మెలికలు తిప్పి పట్టుకొని ఉంది,
నా మణికట్టంత లావున,
పొలుసులు రేగిన బెరడుతో,
బతికుందో లేదో చెప్పకుండా.

ఒతారు కొండ మీద బస్సు నడుపుతాను నేను.
తెలియని మలుపు దగ్గర నెమ్మదించడం అలవాటు.
తెచ్చిన రంపాన్ని గోడకి తగిలించాను.

"ఫుజి అది," అన్నాడు పక్కింటి తొకుజిరో తాత
కంచె మీద గడ్డం ఆనించి.
"జూన్‌లో చూడు, ఊదా గుత్తులు జారతాయి."
జూన్ సగం గడిచింది.
"అయితే అడవి ద్రాక్ష," అన్నాడు, ఏమాత్రం తడబడకుండా.
ద్రాక్షకి నులితీగలుండాలి కదా తాతా,
ఇది ఒంటితోనే పెనవేసుకుంటోంది.
చేపల కొట్టు హరుయో "ముట్టకు, దద్దుర్లొస్తాయి" అంది.
పనిముట్ల కొట్టు కుర్రాడైతే
ఫోటో వైపు చూడకుండానే
మందు సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

జూలైలో ఆకుల కొసలు తెల్లబడ్డాయి,
సున్నపు చేత్తో ఎవరో తడిమినట్టు.
తెగులనుకున్నాను.
వేలితో రుద్దాను, రాలేదు.
ఆకు ఎత్తితే కింద
తలలు వంచుకొని తెల్లటి పూలు,
ఎవరూ చూడరన్న ధీమాతో.

జబ్బు కొమ్మేలే అని ఒకటి కోశాను.
లోపల దవ్వ తెల్లగా, గట్టిగా,
మధ్యలో ఎక్కడా ఖాళీ లేదు.
ఆ వాసన నాకు తెలియలేదు.
తెలిసినవాడు గోడ దిగి వచ్చాడు:
తాతగారి ఒంటిచెవి పిల్లి గొంబే,
పద్నాలుగేళ్ళ ముసలాడు,
మెట్టెక్కాలంటేనే విసుక్కునేవాడు,
కొమ్మకి బుగ్గ రాసి, నాకి, కొరికి,
వెల్లకిలా పడి
పెళ్ళిలో తాగిన మేనమామలా దొర్లాడు.

"మతతాబి!"
తాత నెత్తి కొట్టుకున్నాడు.
ఎనభై ఏళ్ళు ఈ కొండ మీదే ఉండి
పిల్లి చెబితే తెలిసింది ఆయనకి.

సాయంత్రానికి గోడ మీద ఏడు.
తెల్లారేసరికి పదకొండు.
సోమవారం బస్సెక్కిన బడిపిల్ల ఒకతి
అద్దంలో నన్ను చూసి
తమ్ముడి చెవిలో గుసగుసలాడింది:
"పిల్లితీగ ఇంటావిడ."

ఆరేళ్ళుగా అదే రూటు, అవే మలుపులు,
టిక్కెట్టు డబ్బులు వేసి దిగిపోయే అవే చేతులు.
ఏదో ఒక పేరుతో
నన్నెవరైనా అనుకోవడం అదే మొదలు.

రంపం తుప్పు పడుతోంది.
బట్టలిప్పుడు లోపలే ఆరేస్తున్నాను,
కొంచెం ముక్కవాసన వేస్తున్నా సరే.