అక్షరానికి పన్నెండు రూపాయలు

ఊరి చరిత్ర ఒక్క రాతిపలక మీద పట్టాలన్నారు ఛైర్మన్ గారు.
లాకుల దగ్గర, కొత్త పార్కులో, జెండా దిమ్మె పక్కన.
"లేసు సొసైటీలో ముప్ఫై ఏళ్ళు లెక్కలు రాసేరు కదండీ,
మీరైతే పొల్లు పోకుండా రాస్తారు" అని.

రాయి చెక్కే తాతబ్బాయి అక్షరానికి పన్నెండు రూపాయలన్నాడు.
ఒత్తులకీ దీర్ఘాలకీ వేరే అడగనన్నాడు, మన ఊరే కదా అని.

మొదలెక్కడ పెట్టను?
కాలవ తవ్విన ఏడాది లాకు గోడ మీద ఉంది.
తవ్వినవాళ్ళు గోడ మీద లేరు.
గంపకింతని కూలికి మట్టి మోసి
ఆ మట్టి పోసిన గట్టు మీదే పాకలేసుకుని ఉండిపోయేరట.
అంటే ముందు నీళ్ళొచ్చేయి, తరవాత మనుషులు,
ఊరికి పేరు ఆ తరవాతే.

ఎక్కడో చలిదేశం నుంచి ఓ దొరసాని వచ్చింది.
లాకు వెనక పెంకుటింటి అరుగు మీద కూచోబెట్టి
మా ముత్తవ్వ చేతికి కొక్కెం సూది ఇచ్చింది.
తన ఊరి పువ్వొకటి నేర్పింది.
ఆ పువ్వుని మావాళ్ళెవరూ చూళ్ళేదు.
ముళ్ళున్నాయి కదా అని బ్రహ్మదండి అన్నారు.
సొసైటీ పుస్తకంలో ఇప్పటికీ అదే పేరు, డిజైన్ నంబరు పదిహేడు.
దొరసాని సమాధి మీద అక్షరాలు నాచు తినేసింది.
పువ్వు మాత్రం ఏటా ఓడెక్కి పోతోంది,
బహుశా ఆవిడ ఊరికే.
అక్కడ దాన్ని ఏమంటారో.

గ్రంధి వారి మిల్లు కూత వేస్తే అన్నం దించుకునేవాళ్ళం.
మిల్లు మూసేసిన నెల్లాళ్ళూ ఊరంతా మాడిన వాసన.
గఫూర్ సాయిబు లైబ్రరీ గడియారం బాగుచేసినప్పుడల్లా
ఐదు నిమిషాలు ముందుకి పెట్టేవాడు,
లాంచీ ఎవరికీ తప్పిపోకూడదని.
లాంచీలు ఆగి నలభై ఏళ్ళు. గడియారం ఇంకా ముందే ఉంది.

ఇంతవరకూ బాగానే సాగింది.

తుఫాను రాత్రి
లాకు సూపర్నెంటు పొన్నాడ సింహాద్రప్పడు
హుకుం లేకుండా, తంతి తెగిపోయింది గనక,
ఒక్కడే చక్రం తిప్పి పడమటి తలుపు ఎత్తేడు.
తూర్పు వీధి నిలిచింది.
పడమట పేటలో పదకొండు మంది
తెల్లారేసరికి లేరు.

తూర్పు వీధిలో ఆయన పేరు పిల్లలకి పెట్టుకున్నారు.
పడమట ఆ పేరు వింటే ఉమ్మేసి లోపలికి పోతారు.
పెళ్ళిళ్ళకి పిలుచుకుంటాం, ఒకే పంక్తిలో కూచుంటాం,
ఆ రాత్రి సంగతి మాత్రం ఎత్తం.
మా అమ్మ పుట్టిల్లు పడమట. అత్తారిల్లు తూర్పు.
ఆ పదకొండులో ఇద్దరు ఆవిడ అన్నలు.
సింహాద్రప్పడు ఎదురొస్తే
నమస్కారం పెట్టేది కాదు. తప్పుకునేదీ కాదు.
నిలబడేది. ఆయనా నిలబడేవాడు.
ఎంతసేపో ఎవరు కొలిచేరు?

ఛైర్మన్ గారు "సాహసోపేతంగా" అని ఒక మాట వెయ్యమన్నారు.
పడమట పేట కౌన్సిలర్ రత్నమాణిక్యం
"నిర్లక్ష్యం వల్ల" అని పడాల్సిందే అంది.
రెండు మాటలూ కాగితం మీద రాసి చూసేను.
రెండూ నిజంలాగే ఉన్నాయి.
రెండూ అమ్మ మొహంలా లేవు.

అల్లిన లేసు వెలుతురుకి ఎత్తి చూడమనేది అమ్మ.
"దారం కాదే చూడాల్సింది,
కన్నాలు సమంగా పడ్డాయో లేదో."

తాతబ్బాయిని అడిగేను, ఖాళీ వదిలితే దానికెంత అని.
"ఖాళీకి డబ్బులేవిటండీ" అని నవ్వేడు.

పదకొండు పేర్లూ ఇంటిపేర్లతో సహా రాసేను.
కింద పన్నెండోది ఆయనది, ఉద్యోగం రాయకుండా.
మధ్యలో నాలుగు వేళ్ళ మందం రాయి
నున్నగా అలాగే ఉంచమన్నాను.

బిల్లు చూసి ఛైర్మన్ గారు
చరిత్రకి ఇంత తక్కువా అన్నారు.
వాన వచ్చేలా ఉందండీ,
లోపలికి రండి అన్నాను.