టీకి పోయినాడు

మే నెలాఖరుకు గుజ్జు ఫ్యాక్టరీ గేటు తెరిచినారు.
కాటా మింద తొలి ట్రాక్టరు ఎక్కింది,
ఇనప రేకు ఎప్పట్లాగే ఒకసారి మూలిగింది.
ఆ తర్వాత రావాల్సిన గొంతు రాలేదు.

ఏకాంబరం టోకెన్లు పిలిచేవాడు.
నంబరు పలకడం వాడికి నామోషీ.
చీటీలో నలబైమూడని ఉంటే
"ముందు చక్రం అరిగిన ఐరాల ఎర్ర ట్రాక్టరూ, రా నాయనా" అనేవాడు.
"తవణంపల్లి మామా, నిద్దర చాలు,
నీకంటే ముందు నీ కాయలు మాగిపోతాండాయి."
లారీ కింద గోనెపట్టా మింద పడుకున్నోళ్లు
నవ్వుకుంటా లేసేవాళ్లు.
మూడు రాత్రులు క్యూలో ఉన్న మనిషిని నవ్వించడం
ఎంత కష్టమో
కాటా కాడ కూర్చున్నోడికి తెలుస్తుంది.

ఇప్పుడు అద్దాల గది పైన మైకు పెట్టినారు.
ఎవురో ఆడమనిషి, శానా మర్యాదగా,
"టోకెన్ నంబర్ నలభై మూడు" అంటుంది.
ఎవురూ లేవరు. నేనే పోయి తట్టి లేపాల.

కార్తీకంలో పోయినాడు.
ఫ్యాక్టరీ మూసి ఉండే కాలం.
డ్రమ్ములు ఖాళీ, బాయిలరు చల్లన, వాచ్‌మన్ ఒక్కడే.
ఫోను వచ్చేసరికి నేను చిత్తూరు బస్టాండు కాడ
చెప్పుకు కుట్టు వేయించుకుంటాండాను.
ఒంటి చెప్పుతో ఎంతసేపు నిలబడినానో.
కుట్టేటాయన ఇరవై అడిగినాడు, యాబై ఇచ్చి బస్సెక్కినాను.
చిల్లర తీసుకోలేదని గుడిపాల దాటినాక గుర్తొచ్చింది.
వాడుంటే ఆ ముప్పై రూపాయల గురించి
సీజనంతా ఎగతాళి చేసుండేవాడు.

"ఏకాంబరం యాడ?"
పొద్దున్నించి ఇదే మాట.
బండి దిగిన ప్రతి మనిషీ రేటు కంటే ముందు వాణ్ణి అడుగుతాడు.
చెప్తాను.
"అయ్యో" అంటారు. తలగుడ్డ తీస్తారు.
ఒకాయన గేటు కమ్మీ పట్టుకుని కూలబడినాడు.
ఆ తర్వాత, ఏం చేస్తారు, రేటు అడుగుతారు.
కిలో ఎంతో చెప్పే నోటితోనే
వాడు పోయినాడని చెప్పాల.
సాయంత్రానికి రెండు మాటలూ ఒకే బరువైపోయినాయి.
నాకు బయమేసింది.

సొరుగులో పోయినేటి నోటుబుక్కు దొరికింది.
నంబర్ల పక్కన వాడి కోడిగీతలు.
డెబ్బై ఒకటి: సద్ది తేలేదు.
ఎనబై: కూతురి కాన్పు, బిరీన పంపాల.
తొంబై ఆరు: మాట్లాడడు. మాట్లాడించాల.

రాత్రి రెండు గంటలప్పుడు క్యారియరు పట్టుకుని
వాడు చీకట్లోకి ఎందుకు పోయేవాడో
పదకొండేండ్లు పక్కనే కూర్చుని అడగలేదు నేను.
రెండు సంగటి ముద్దలు తెచ్చి
ఒకటే తినే మనిషి,
పొట్ట బాగలేదేమో అనుకున్నా.

నూటపన్నెండు, పులిచెర్ల తాత.
చూపు ఆనదు. కిటికీ ఊచలకు మొహం ఆనించి
"ఏమిరా ఏకాంబరం, గొంతు మారిందే, జలుబా?" అన్నాడు.
ఎట్ల జారిందో తెలీదు ఆ మాట.
"నేను ఏకాంబరం కాదు తాతా. వాడు టీకి పోయినాడు."
"పోనీలే, రానీ. తొందరేముంది."
తువ్వాల మూటలోంచి రెండు బేనిషా కాయలు తీసి,
గుజ్జుకు పోయే తోతాపురి కాదు, ఇంటి చెట్టువి,
కిటికీ గట్టు మింద పెట్టినాడు.
"వాడికియ్యి. నువ్వు తినేసేవు."

తూకం మూడు టన్నులా నలబై కిలోలు.
రాసినాను. చెయ్యి వణకలేదు.

ఆ కాయలు సొరుగులో నోటుబుక్కు మింద పెట్టి
నాలుగు దినాలైంది.
గదంతా వాసన.
తింటే తాతకు ద్రోహం,
పారేస్తే వాడికి.

మైకు నూటముప్పై అంటాంది.
మళ్లీ అంటాంది.
క్యూలో ఒక్క కాలూ కదల్లేదు.
కిటికీ తెరిచి, గొంతు సవరించుకుని, అరిచినాను:
"బంగారుపాళ్యం పచ్చ బండీ, ఓ పెద్ద మీసాల మామా..."
గొంతు సగంలో కీచుమనింది.

లారీ కింద ఎవురో పక్కున నవ్వినారు,
నన్ను చూసే.