ముందు నేనడిగిన మాట

బంగాళదుంపలు తురుముతున్నాం ఇద్దరం.
తురుముపీటకు నా బొటనవేలు ఎప్పుడూ గీరుకుపోతుంది,
యోవాంకది ఎప్పుడూ గీరుకుపోదు.
బయట వాన.
చిలోయే ద్వీపంలో వాన సంగతి చెప్పడం దండగ,
కురవని రోజుంటే చెప్పుకోవాలి.

"అమ్మా, మారిసెల్ నాకు ఉత్త స్నేహితురాలు కాదు" అంది.
దెబ్బలాడుకున్నారేమో అనుకుని
"పోనీలే, సర్దుకుంటుంది" అన్నాను.
తురుము పిండుతున్న గుడ్డను అలాగే పట్టుకుని
మళ్ళీ చెప్పింది, ఈసారి పూర్తిగా,
నా కళ్ళలోకి చూస్తూ.
గుడ్డలోంచి తెల్లటి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

నేను అడిగింది ఒక్కటే:
"ఇంకెవరికి తెలుసు?"

మూడేళ్ళప్పుడు అల లాక్కుపోతుంటే
జుట్టు పట్టి ఒడ్డుకు ఈడ్చిన చేతులివి.
ఆ రోజు పక్కన ఎవరున్నారో
నేను చూసుకోలేదు.

బెలార్మీనో విని లేచి నిలబడ్డాడు.
టోపీ పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.
తర్వాత పదకొండు రోజులు
చిల్లు లేని పడవకు తారు పూశాడు.
భోజనాల దగ్గర కుక్కతో మాట్లాడేవాడు:
"ఆ పిల్ల ఈమధ్య సరిగ్గా తినడం లేదు, ఎందుకో అడుగు."
యోవాంక కూడా కుక్కకే జవాబిచ్చేది:
"ఆకలి లేదని చెప్పు."
పాపం అది ఇద్దరికీ తోకాడించేది.

మరి నేను? లెక్కలు తిరగేస్తూ కూర్చున్నాను.
మగపిల్లలతో బంతాట ఆడనిచ్చినందుకా,
వాళ్ళ నాన్న ఉలి పట్టనిచ్చినందుకా,
కడుపుతో ఉన్నప్పుడు చూసిన గ్రహణమా.
ఏ తప్పు మీద వేలు పెట్టినా
అక్కడ పిల్ల నవ్వుతూ కనిపించేది.

పన్నెండో రోజు ఎర్సిలియా ఇల్లు జరపాలి.
సముద్రం ఆమె గట్టును కొరికేస్తోంది.
మా దగ్గర ఇల్లు పడగొట్టం.
దుంగల మీదికెక్కించి, ఎడ్లు కట్టి,
ఊరంతా తాళ్ళు పట్టి లాక్కుపోతాం,
కిటికీ తెరలతో సహా.

మారిసెల్ వచ్చింది, ఎవరూ పిలవకుండానే.
పొట్టి పిల్ల. చలికి ముక్కు ఎర్రబడి
తాడు చివర ఎక్కడో నిలబడింది.
కేకేసి లాగించేది బెలార్మీనోనే.
నోరు తెరిచాడు, ఆగిపోయాడు.
నలభై మందిమి, ఆరు జతల ఎడ్లు, ఒక ఇల్లు,
ఆయన నోటికేసి చూస్తున్నాం.
బురదలోకి దిగి వెళ్ళి
తన చేతి తొడుగులు ఊడదీసి
ఆ పిల్ల చేతుల్లో పడేశాడు.
"వట్టి చేతుల్తో పట్టుకుంటే తోలు లేచిపోద్ది,
ఆ మాత్రం తెలీదా?"
కోపంగానే అన్నాడు. ముఖం చూడకుండానే అన్నాడు.
యోవాంక అటు తిరిగి నిలబడింది,
భుజాలు మాత్రమే కనిపించాయి నాకు.

ఇల్లు కదిలింది.
లోపలెక్కడో గాజుదేదో భళ్ళుమంది.
ఎర్సిలియా శిలువ గుర్తు వేసుకుని
"ఒక్కటే కదా" అంది.

సాయంత్రం, గుంటలో ఉడికిన ఆల్చిప్పలు తింటూ
దోమింగా నా పక్కకు జరిగింది.
"ఎవరే ఆ పిల్ల, మీ ఆయన తొడుగులేసుకుంది?"
నోట్లో ముక్క కాలిపోతోంది,
మింగలేను, ఉమ్మలేను.
"మా యోవాంక మనిషి" అన్నాను.
దోమింగా నన్ను చూసింది. వాళ్ళిద్దర్నీ చూసింది.
"ఉప్పు ఇటివ్వు" అంది.

ఆ మొదటి మాటకు
నా కూతుర్ని నేనింకా క్షమాపణ అడగలేదు.
ఇవాళ, రేపు అంటూ దుంపలు తురుముతున్నాను.

ఇంకెవరికి తెలుసు అంటారా?
దోమింగాకు తెలుసు.
అంటే తెల్లారేసరికి ద్వీపం ద్వీపమంతటికీ.
ఆ రాత్రి నిద్ర పట్టదనుకున్నాను.
పట్టింది.