పిన్ను బరువు

పదకొండేళ్లు పరాయి క్యారవాన్లు తోలాను.
వెనక ఏసీలో హీరో పడుకునేవాడు,
ముందు స్టీరింగు మీద కాళ్లు చాపుకుని నేను.

ఇప్పుడు నాదీ ఒకటుంది, జీడిమెట్ల షెడ్డులో.
ముప్పై అడుగులు. అద్దం చుట్టూ బల్బులు.
ప్లైవుడ్డు వాసన ఇంకా వదల్లేదు, అప్పు కూడా.
దానికి ఇంజను లేదు.
మెడ మాత్రం ఉంది, కొంగలా ముందుకు సాచి,
ఆ మెడ కింద పచ్చడిబండంత ఇనుప పిన్ను.

పిన్ను కూర్చునే పళ్లేన్ని ఐదో చక్రం అంటారు.
దొర్లదు. గాలి అక్కర్లేదు. పంక్చరు కాదు.
గ్రీజు పూసుకుని మోస్తుంది, అంతే.
పేరుకి చక్రమే గానీ
టోల్ గేటు దగ్గర ఎవరూ దాన్ని లెక్కపెట్టరు.

రెండు బండ్లు చూశాను.
ఒకటి ఎర్రది. టై కట్టుకున్న కుర్రాడు
షోరూం నుంచి మా గల్లీకే తెచ్చాడు.
"మూడున్నర టన్నులు అవలీలగా లాగుతుంది సార్!"
నన్ను సార్ అన్న మొదటి మనిషి.
అక్కడే సగం కొనేశాను.

రెండోది బూడిద రంగుది.
ఆరేళ్లు బోయినపల్లి మార్కెట్‌కి టమాటాలు మోసింది,
తొట్టి మూలల్లో ఇంకా ఎండిన గింజలు.
డోరు పడాలంటే భుజంతో నెట్టాలి.

జిలానీ మిస్త్రీ ఏ బానెట్టూ ఎత్తలేదు.
నేల మీద వెల్లకిలా పడుకుని
కమాన్‌పట్టీలు వేళ్లతో లెక్కపెట్టాడు.
"గుంజుడు గాడిద గూడ గుంజుతది మొగులయ్యా.
మీద గూసున్నదాన్ని మొయ్యాలె.
చెక్‌పోస్టు దిగుడుల ఆగాలె.
నీ డబ్బా మూడున్నర టన్నులు,
అండ్ల అయిదో వంతు దీని నడుము మీదనే."

ఏడు వందల కిలోలు. ఎక్కడ తేను?
ఇందిరానగర్ మూల మీద, పొద్దున్నే
పిలుపు కోసం నిలబడ్డవాళ్లను పిలిచాను.
కోర్టు సీన్లలో బంట్రోతు పోచిరాజు,
నలభై సినిమాల్లో శవమైన దేవసహాయం,
ప్రతి పెళ్లిలోనూ అక్షింతలు వేసే శకుంతల,
హీరో తాకకముందే ఎగిరిపడే సుల్తాన్...
పదకొండు మంది, ఇరుసు మీదికి ఒదిగి కూర్చున్నారు.

ఎర్రబండి తోక నేలకి దిగింది.
హెడ్‌లైట్లు మూడో అంతస్తులో ఆరేసిన లుంగీని చూశాయి.
స్టీరింగు నా చేతిలో అప్పడంలా తేలిపోయింది.
"సార్, ఇంతమంది ఒక్కసారే ఎక్కకూడదు సార్!"
"ఎక్కుడు ఒక్కసారే బాబూ,
దిగుడే ఉండదు," అన్నాడు జిలానీ.

బూడిదబండి కుయ్యిమంది, ఒక్కసారే.
దాని చూపు చాయ్ హోటల్ చక్కెర డబ్బా మీంచి
వేలెడైనా కదల్లేదు.

చెక్‌పోస్టు నుంచి దిగువకి తోలాను
పదకొండు మందితోనూ.
హోంగార్డు చూసి, షూటింగనుకుని చెయ్యి ఊపాడు.
సగం దిగాక బ్రేకు తొక్కాను.
ఆగింది.
వంకరపోలేదు, ఈడ్చుకుపోలేదు,
కల్లుకుండ దింపినట్టు ఆగింది.
ఎక్కేటప్పుడు మాత్రం ఆయాసపడింది.
స్కూటర్లు దాటిపోయాయి, ఒక సైకిలూ దాటిపోయింది.
పోనీలే.

అడ్వాన్సు ఇచ్చేశాను.
తొట్టిలోంచి ఎవరూ దిగలేదు.
"బేటా ఎంత?" అంది శకుంతల,
చీరకి అంటిన టమాటా గింజ గిల్లుకుంటూ.
దేవసహాయం నవ్వాడు:
"ముప్పై ఏళ్లకి, మొగులయ్యా,
బరువైన పాత్ర ఇచ్చింది నువ్వొక్కడివే."
పదకొండు చాయ్‌లు, ఉస్మానియా బిస్కెట్లు.
ఆ తర్వాత కూడా బేరం తెగలేదు.

అంబుజ చాయ్ ముట్టలేదు.
హీరోయిన్లకు కొప్పులు కట్టిన మనిషి,
ఈ బండి కోసం గాజులు తాకట్టు పెట్టిన మనిషి,
జుట్టు ముడి వేసుకుంటూ, నోట్లో రెండు పిన్నులు పట్టుకుని
ఎర్రబండి మలుపు తిరిగిన వైపే
ఇంకా చూస్తోంది.