రాయబాక

"నా మీద కవితలూ గివితలూ రాయబాకమ్మే,
కాయితం దండగ" అంటానే
మస్తానమ్మ జిరాక్సు మిషను మూతెత్తి
కుడి నుంచి ఎడమకి చదవాల్సిన గుర్తింపు పత్రాన్ని
అద్దం మీద బోర్లిస్తుంది.
మొదట్లో తలకిందులుగా పెట్టేది.
ఇప్పుడు ఒక్క అక్షరం రాకపోయినా
ఎటు తలో ఎటు కాళ్ళో చేతికే తెలిసిపోద్ది.

నెల్లూరు కలెక్టరాఫీసు ఎదురు సందులో
ఆరడుగుల కొట్టు.
కసుమూరు దర్గాకి మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు.
అన్న పెంచలయ్య రోడ్డు రోలరు నడిపేవాడు,
కంపెనీతో పాటు కాబూలు అవతలి కొండల్లోకి పోయాడు.
ఒకనాడు వేసిన రోడ్డు మీదే తుపాకులు అడ్డం నిలబడితే
దుబాసీ జల్మై తన దుప్పటి తీసి అతనికి కప్పి
"వీడు నా తమ్ముడు, పుట్టుమూగ" అన్నాడంట.
మూడు చెక్‌పోస్టులు, పదకొండు గంటలు.
మా వాగుడుకాయ పెంచలయ్య
నోరు మూసుకుని బతికొచ్చాడు.
"ఆ మూగతనం మా ఇంటి మీద అప్పు"
అంటది మస్తానమ్మ, వడ్డీ లెక్క చెప్పినట్టు.

కాబూలు పడిపోయిన రాత్రి
జల్మై ఒక ఫోటో పంపాడు:
రెండు ముక్కలుగా కత్తిరించుకున్న కంపెనీ కార్డు.
కింద ఒకే మాట, సినిమా హిందీలో, "బెహన్".

అప్పట్నించీ టెన్తు తప్పిన ఇంగ్లీషుతో
ఢిల్లీకి, జెనీవాకి,
నోరు తిరగని పేర్లున్న రాయబారులకి
నూట నలభై అర్జీలు.
జవాబులు తొమ్మిది.
తొమ్మిదీ "పరిశీలనలో ఉన్నది" అనే వచ్చాయి.
"బతికే ఉందన్న మాట" అని
పంచింగు మిషనుతో రెండు చిల్లులేసి ఫైల్లో కట్టింది.

బల్లిని చూస్తే స్టూలెక్కే మనిషి.
ఊళ్ళో చదువుకుంటున్న నలుగురు ఆఫ్ఘన్ పిల్లకాయల్ని
వీసా గడువైపోయిందని ఇంటాయన
సామాన్లతో సహా వీధిలో నిలబెడితే
మెట్ల మీద క్యారేజీ విప్పుకుని కూర్చుంది, తెల్లారిందాకా.
చేపల పులుసు వాసనకి ఓర్చుకోలేక
ఆయనే తలుపు తీశాడని ఆమె చెప్పే కథ.
నేను నమ్మను. ఆయన ఆమె కళ్ళు చూసుంటాడు.

స్టేషన్లో "వాళ్ళు నీకేమవుతార"ని అడిగితే
"అప్పులోళ్ళు సార్. నేనే తీర్చాల. రాసుకోండి."

ఆ రోజు హామీ కాయితం మీద
రెండో సంతకం కావాల్సొచ్చింది.
నేను బ్యాగులో పెన్ను వెతుకుతా ఉన్నా.
పెన్ను చేతికి తగిలింది.
అయినా వెతుకుతానే ఉన్నా.
మస్తానమ్మ చూసింది. ఏమీ అనలా.
తన పెన్ను మూత తీసి నా ముందు పెట్టింది.
ఇంత వయసులో నా పేరు నేను
అంత వణుకుతా రాసింది లేదు.

"మనోళ్ళకే దిక్కులేదు, ఎవురికోసమో ఎందుకమ్మే"
అన్నాడు టీ కొట్టు శీనయ్య.
"పెన్న పొంగినప్పుడు నీ మంచం, మీ అమ్మ మంచం
నడుం లోతు నీళ్ళల్లో మోసింది ఎవురు?"
శీనయ్య గ్లాసులు కడుక్కున్నాడు.
కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగాడు.
మర్నాటి నుంచి కొట్టుకి అయిదు టీలు వస్తున్నాయి,
నాలుగింట్లో చక్కెర ఎక్కువ.

జల్మై భార్యా, ఇద్దరు కూతుళ్ళూ
ఏదో మంచు దేశంలో దిగారు.
జల్మై దిగలేదు.
అతని ఫైలు నంబరు మస్తానమ్మకి
సొంత ఇంటి నంబరు కంటే బాగా గుర్తు.
నిద్రలో అడిగినా చెప్తది. నేను అడిగి చూశా.

రాయబాకన్నా రాశాను.
తెచ్చి కౌంటరు మీద పెట్టాను.
కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి
వేలితో ఒక్కో వరసా తడుముతా చదివింది.
పొగిడిన చోట ఆగలా.
ఒక్క చోట ఎర్ర పెన్ను తీసింది.

"జల్మై కాదమ్మే, జల్మయ్.
పేరు తప్పైతే ఫైలు తిరిగొస్తది."

ఆపైన మూతెత్తి,
"ఎన్ని కాపీలు?"