ముఖం వెనక్కున్న పడవవాడు

శనివారాలు బోల్టన్‌ మ్యూజియంలో
కోట్లు తగిలించే గది దగ్గర నా పని.
బ్యాడ్జీ మీద 'వాక్' అని ఉంటుంది.
మొత్తం పేరు పట్టలేదన్నారు.
పట్టనిది బ్యాడ్జీకి కాదు, నోటికి.

మూడో గదిలో జానెడు కొయ్య పడవ.
మిల్లులకి ఈజిప్టు పత్తి వచ్చే రోజుల్లో
ఏ బేళ్ళ వెంటో వచ్చిందట.
ఆరుగురు తెడ్లు వేస్తుంటారు. ఏడోవాడు
చుక్కాని దగ్గర, ముఖం వీపువైపు.
విరిగితే ఎవరో తప్పుగా అతికించారని
గైడు పిల్లల్ని నవ్విస్తాడు.
నేనూ నవ్వాను, అక్టోబరు దాకా.

ప్రెస్టొలీ దిగువన ఒక కాలువ,
ఎప్పుడో గట్టు తెగి ఎండిపోయింది.
దురదాకులూ, తిరగబడ్డ సూపర్‌మార్కెట్ బండీ తప్ప ఏమీ ఉండవు.
బస్సు తప్పిన రాత్రి అటుగా వస్తుంటే
నీళ్ళ చప్పుడు.

ముందు కనిపించింది జుట్టు.
ఛాతీ నా వైపు, ముఖం అటు.
పడవ ఒడ్డుకి తగిలింది.
మాట్లాడింది మాత్రం తెడ్డు:
"నా పేరు చెప్పు."

ఎక్కేవాళ్ళు ముక్కముక్కకీ పేరు చెప్పాలట.
చచ్చినవాళ్ళకైతే చీటీ రాసి పంపుతారు,
నాకెవరు రాస్తారు?
మా అమ్మ కాకినాడ రేవు గుమాస్తా కూతురు,
తిట్టినా "లంగరు లేని పిల్ల" అనే తిడుతుంది.
ఆ నోటి మాటలే నా దగ్గరున్నవి.
తెడ్డు, అన్నాను. తెరచాప. చుక్కాని. మోకు. లంగరు.
నాలుగు వేల ఏళ్ళ కొయ్య
ఒక్కో మాటకీ ఊ కొట్టింది.

"ఇక ఎక్కు" అంది పడవ.
"ఎక్కకు" అన్నాడు వాడు, అటే చూస్తూ.
"దిగేది ఒక్క ఒడ్డునే."

"మరి ముఖం ఎందుకలా?"

"వెళ్ళేవాళ్ళందరూ ముందుకే చూస్తారు.
ఒడ్డున మిగిలినవాళ్ళని
ఎవరో ఒకరు చూడాలిగా."

వచ్చేటప్పుడు జుట్టు, వెళ్ళేటప్పుడు ముఖం.
అదీ వాడి వరస.
పడవ కదిలాకే కళ్ళు చూశాను,
కాటుక చెరిగి ఉన్నాయి.
నా ఈడే, పదిహేడు.
ఎన్నోసారి పదిహేడో అడగలేదు.

దూరమయ్యేకొద్దీ నన్నే చూస్తూ
"పేరు?" అని అరిచాడు.
"వకుళ!"
పొగడపువ్వని, ఎండినా వాసన వదలదని
వాడికి విడమరచక్కర్లేదు.
గుడ్డ చుట్టి మనుషుల్ని దాచుకున్న ఊరు వాడిది.

నేనూ వెనక్కి తిరగలేదు,
వెనక్కి నడిచాను.
గట్టు పొడుగునా, ముళ్ళకంచెలో జడ చిక్కుకుని,
చెత్తడబ్బాని గుద్దుకుని,
కుక్కని తిప్పుతున్న పెద్దాయనకి చూడకుండానే సారీ చెప్పి,
ఆ ముఖం ఆవగింజంతై
ఆరిపోయేదాకా.

మళ్ళీ శనివారం గైడుతో చెప్పాను,
అతుకు సరిగ్గానే ఉందని.
బ్యాడ్జీ తిప్పి వెనకవైపు
పెన్నుతో రాసుకున్నాను.
మూడే అక్షరాలు.
పట్టాయి.